ప్రతిపక్ష నాయకుడెవరు బావా?

సంఘం ఎన్నికల్లో ఓడిపోయినవాళ్ళకి సిడ్నీలో ఒక ఆనవాయితీ ఉంది. కొన్నాళ్ళు మొహం చాటేయాలి, ఆ తర్వాత కొత్త సంఘం పెట్టాలి. ఇక్కడ ఇన్ని తెలుగు సంఘాలెందుకున్నాయని ఎవరైనా అడిగితే, ఇన్నిసార్లు ఎన్నికలు జరిగాయి కాబట్టి అని చెబుతాను.

ఈసారి ఓడిపోయింది నేను. రెండోసారి కూడా గెలిచింది ప్రసాద్ గారు. కెల్లీవిల్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. ఆయన భార్య విజయ, నేను పిల్లల్ని స్విమ్మింగుకి వంతులేసుకుని దింపుతూ స్నేహితులమయ్యాం. ఎన్నికలయ్యాక సూపర్‌మార్కెట్లో పెరుగు డబ్బాల దగ్గర ఎదురుపడ్డాం. ఇద్దరం చెరో డబ్బా తీసి దానిమీద తేదీ చదువుతున్నట్టు నటించి, చెరో వైపుకి వెళ్ళిపోయాం. ఆ పెరుగుతో ఆ రోజు మజ్జిగ పులుసు పెట్టాను గాని నాకు సయించలేదు.

నాకు ఓటేసినవాళ్ళు మాత్రం మంచి హుషారుగా ఉన్నారు. కిరణ్ అని కరీంనగర్ కుర్రాడు, ఐటీ ఉద్యోగం, నా తరఫున ప్రచారమంతా నడిపాడు. వచ్చే ఆదివారానికి పెండిల్ హిల్‌లో ఒక టిఫిన్ హోటల్ మేడమీద మీటింగు ఏర్పాటు చేశాడు. కొత్త సంఘానికి అధ్యక్షురాలిని నేనే. అంతా ఖాయమైపోయింది, సంఘం పేరులో 'అసలైన' అన్న మాట ఉండాలా వద్దా అన్నదొక్కటి తప్ప.

సరిగ్గా ఆ వారమే న్యూజెర్సీ నుంచి మా బావ దిగారు. మా అక్క భర్త, పేరు సుదర్శనం. అక్కకి సెలవు దొరక్క ఒక్కరే వచ్చారు. ట్యాక్స్ లెక్కలు చూసే ఉద్యోగం ఆయనది గాని అసలు వృత్తి రాజకీయం. పోయిన ప్రెసిడెంటు ఎన్నికల్లో వాళ్ళ పార్టీ తరఫున ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టారు. పార్టీ ఓడిపోయింది. ఇప్పుడు భోజనాల దగ్గర ఫోను గ్లాసుకి ఆనించి పెట్టుకుని అమెరికా వార్తలు చూస్తూ, "మావాళ్ళు ఏం చేస్తున్నారసలు? నిద్రపోతున్నారా?" అని అరుస్తుంటారు.

"మీ ప్రతిపక్ష నాయకుడెవరు బావా?" అన్నాను, చారు వడ్డిస్తూ.

బావ నోరు తెరిచారు. ఒక పేరు చెప్పారు. "ఈయన హౌసులో." ఇంకో పేరు చెప్పారు. "ఈయన సెనేట్లో." తర్వాత పార్టీ కమిటీ చైర్మన్ పేరు గుర్తు రాక ఫోనులో వెతికారు. ఆపైన ఇద్దరు గవర్నర్లు, ఒక మాజీ ప్రెసిడెంటు, టీవీలో బాగా మాట్లాడే ఇంకొకావిడ.

"అన్నయ్యా, అడిగింది ఒక్కరినండీ," అన్నారు మావారు.

"అలా ఒక్కరుండరోయ్ మా దగ్గర," అన్నారు బావ, కాస్త చిన్నబుచ్చుకుని.

"ఇక్కడుంటాడు బావా. జీతమూ ఆఫీసూ ఇచ్చి మరీ పెట్టుకుంటాం. రండి, చూపిస్తాను," అన్నాను.

కాన్‌బెర్రాలో మా అమ్మాయి మేఘన యూనిలో లా చదువుతోంది. దాన్ని చూసినట్టూ ఉంటుంది, పార్లమెంటు చూసినట్టూ ఉంటుంది. ఆదివారం లోపల రెండు రోజులు కిరణ్ వాట్సాప్ గ్రూపుకి దూరంగానూ ఉండొచ్చు. ఈ చివరి సంగతి ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు పార్లమెంటు ఏయే రోజుల్లో సమావేశమవుతుందో చూసుకోవాలి. మేం బుధవారం ఎంచుకున్నాం. మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే ప్రశ్నల సమయానికి గ్యాలరీ టికెట్లు ఉచితమే గాని ముందుగా అడిగి పెట్టుకోవాలి. ఆ పని మేఘన చేసింది.

ఆగస్టు నెల, తెల్లారకముందే బావా నేనూ బయల్దేరాం. కెల్లీవిల్‌లో మెట్రో ఎక్కితే సరాసరి సెంట్రల్‌లో దిగొచ్చు. డ్రైవరు లేని ఆ రైలు చూసి బావ, "నడిపేవాడు లేకపోయినా నడుస్తోందే, మా పార్టీలాగా," అన్నారు. సెంట్రల్‌లో ఏడింటి ముందే కాన్‌బెర్రా రైలు ఎక్కాం. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. సీట్ల నంబర్లుంటాయి, హీటరుంటుంది, టీ, కాఫీ, మాంసం కూరిన వేడి పైలు అమ్మే చిన్న కౌంటరుంటుంది. కారులోనైతే ఇంకా త్వరగా వెళ్ళొచ్చు గాని, కారులో బావ పక్క సీట్లో ఉంటారు. రైల్లోనైతే లేచి అవతలికి వెళ్ళిపోవచ్చు.

క్యాంబెల్‌టౌన్ దాటాక పులిహోర డబ్బా తీశాను. నడవకి అవతలి సీట్లోంచి ఒక పెద్దాయన వంగి చూశారు. ఉన్ని టోపీ, మెడ చుట్టూ మఫ్లరు.

"ఇంగువ వాసనొచ్చింది. మనోళ్ళేనా అమ్మా?"

అలా పరిచయమయ్యారు అబ్రహాం అంకుల్. నర్సాపురం దగ్గరివారు. గోల్‌బర్న్ ఆస్పత్రిలో నర్సుగా ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నారు. ప్లేటు లేకపోతే డబ్బా మూతలో పులిహోర పెట్టిచ్చాను. ఎక్కడికమ్మా అంటే ప్రతిపక్ష నాయకుణ్ణి చూడ్డానికని చెప్పాను. టీ తెస్తున్న కౌంటరు ఆవిడకి బావ అదే మాట ఇంగ్లీషులో చెప్పారు. "టికెట్ కొనుక్కుని మరీ ఆ అరుపులు వినడానికా, లవ్?" అని ఆవిడ నా భుజం తట్టి వెళ్ళింది.

బావకి ఇద్దరు శ్రోతలు దొరికారు. ఇక అందుకున్నారు.

"చూడండీ, మా దగ్గర కాంగ్రెసుకి రెండు సభలు. ప్రతి సభలోనూ తక్కువ మంది ఉన్న పార్టీవాళ్ళు తమలో తాము ఓట్లేసుకుని ఒక నాయకుణ్ణి ఎన్నుకుంటారు. మైనారిటీ లీడర్ అంటారు. హౌసుకొకరు, సెనేటుకొకరు. ఇద్దరిదీ ఒకే మాటై ఉండాలని లేదు."

"మరి ఇద్దర్లో పెద్దెవరండీ?" అన్నారు అబ్రహాం అంకుల్.

"ఎవరూ కాదు."

"ప్రెసిడెంటుని ప్రశ్నలడిగేదెవరండీ?"

"ప్రెసిడెంటు సభలో కూర్చోడు కదా. ఏడాదికోసారి వచ్చి పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. అవతలి పార్టీవాళ్ళు మొహాలు మాడ్చుకుని చప్పట్లు కొట్టకుండా కూర్చుంటారు. ఆయన వెళ్ళిపోయాక టీవీలో వాళ్ళ జవాబుంటుంది. దానికి ఎవరో ఒక గవర్నర్నో కొత్త సెనేటర్నో ఎంచుతారు. ఎక్కడో ఒక గదిలో కెమెరా ముందు నిలబడి జవాబు చెబుతారు."

అంకుల్ పులిహోర నమలడం ఆపేశారు. "అంటే, ఆయనెళ్ళిపోయాక ఖాళీ గదిలో జవాబు చెప్తారాండీ?"

నేను కిటికీ వైపు తిరిగి నవ్వాపుకున్నాను.

బావ తగ్గలేదు. అమెరికాలో ప్రతిపక్షానికి కొన్నిసార్లు మెజారిటీ కూడా ఉంటుందన్నారు. ప్రెసిడెంటు ఒక పార్టీ, సభ ఇంకో పార్టీ. అప్పుడు స్పీకరే ప్రతిపక్షంలో పెద్ద తలకాయ. అంకుల్ దీన్ని కాసేపు నలగ్గొట్టి, "మెజారిటీ ఉంటే అది ప్రతిపక్షం ఎట్టా అవుద్దండీ బాబూ?" అన్నారు. మాస్ వేల్ స్టేషను వెళ్ళిపోయేదాకా బావ అదే విడమరిచి చెప్పారు. అంకుల్ మర్యాదస్తుడు, మధ్యలో నిద్రపోలేదు.

నాకు అర్థమైనంతవరకు సంగతిది. అక్కడ ప్రతి సభ్యుడూ సొంతంగా చందాలు పోగుచేసుకుని, సొంత పార్టీలోనే ముందు ఒక ఎన్నిక గెలిచి, ఆ తర్వాత అసలు ఎన్నిక గెలుస్తాడు. కాబట్టి నాయకుడు కన్నెర్ర చేస్తే బెదిరిపోయేవాళ్ళు తక్కువ. నాయకుడు బతిమాలుకోవాలి, లెక్కలేసుకోవాలి, ఎవరికి ఏ కమిటీ కావాలో కనిపెట్టాలి. ప్రతి కమిటీలోనూ అవతలి పార్టీవాళ్ళలో ఒక సీనియరు ఉంటాడు. అధికారపక్షం చైర్మనుకి ఎదురుమాట ఆయనది. సెనేట్లో చాలా విషయాల మీద చర్చ ముగించాలంటే వందలో అరవై మంది ఒప్పుకోవాలి, కాబట్టి తక్కువమంది ఉన్నవాళ్ళు కూడా బండిని ఆపేయగలరు. ఆ పార్టీ చేతిలో ఉన్న రాష్ట్రాలు కోర్టుకెక్కుతాయి. ఇన్ని చేతులున్నాయి గాని తల ఏదంటే చెప్పలేరు. ఓడిన ప్రెసిడెంటు అభ్యర్థికి ఆ ఓటమి వల్ల ఏ కుర్చీ రాదు. తర్వాతి ఎన్నికలు దగ్గరపడేసరికి ఓ పాతికమంది ఏదో రాష్ట్రంలో జాతరకెళ్ళి మొక్కజొన్న పొత్తులు కొరుకుతూ ఫొటోలు దిగుతారు. అందులోంచి ఒకరు తేలతారు. అప్పటికి గాని నాయకుడెవరో తెలియదు.

"అది మా బలం," అన్నారు బావ. "ఒకే మెడ ఉంటే పట్టుకోవడం తేలిక. మాకు పట్టుకోడానికి మెడే లేదు."

గోల్‌బర్న్ వస్తోందనగా అంకుల్ టోపీ సర్దుకున్నారు. బావ అప్పటికే మా సంఘం గొడవంతా ఆయనకి చెప్పేశారు. అడక్కుండానే ఆయన చెప్పింది ఇది.

"మేం అప్పుడు బ్లాక్‌టౌన్లో ఒక స్కూలు హాల్లో మొదలెట్టామమ్మా, అందరం కలిపి ఒకే చర్చి. ఇప్పుడు మూడయ్యాయి. మొదటి చర్చిలో తబలా ఉంది. రెండో దాంట్లో హార్మోనీ ఉంది. రెండూ కలిసి మోగగా విని చాలా ఏళ్ళయిందమ్మా."

"మూడో దాంట్లో ఏముందండీ?" అన్నాను.

"మైకుంది. దేవుడి దయవల్ల చాలా పెద్దది."

రైలు ఆగింది. ఆయన దిగి, ప్లాట్‌ఫారం మీంచి చెయ్యూపారు.

బంగెండోర్ దాటాక రైలు కొండ సందులోకి దిగి, వాగు పక్కన మెలికలు తిరుగుతూ నెమ్మదిగా వెళ్తుంది. కిటికీ వైపు సీటు కావాలంటే ఈ ముక్క కోసమే అడగాలి. ఎండిన గడ్డిలో రెండు కంగారూలు నిలబడి మమ్మల్ని చూశాయి. బావ ఫొటో తీసేలోపు వాటికి మేమంటే ఆసక్తి పోయింది. పదకొండు దాటాక కాన్‌బెర్రాలో దిగాం. దేశ రాజధాని స్టేషను మా తెనాలి స్టేషనులో టీ కొట్లున్న భాగమంత ఉంటుంది. బావ వెనక్కి తిరిగి, మిగతా స్టేషను ఎటువైపుందని అడిగారు.

మేఘన బీనీ టోపీ పెట్టుకుని ఎదురొచ్చింది. "హాయ్ పెద్దనాన్నా! అమ్మా, పులిహోర మిగిలిందా? ప్లీజ్ సే యెస్." నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం దాని చిన్నప్పటి అలవాటు. ఆకలేస్తే మాత్రం తెలుగు వస్తుంది.

బస్సులో పార్లమెంటుకి వెళ్ళాం. పైకప్పు మీద గడ్డి పెంచిన భవనం. లోపల విమానాశ్రయంలో లాగే తనిఖీ. అక్కడి కెఫేలో శాండ్‌విచ్ తిన్నాం, ఉప్పు లేదు. గ్యాలరీకి వెళ్ళేముందు బ్యాగులూ ఫోన్లూ అప్పగించాలి. నా ఫోను అప్పటికే కిరణ్ మెసేజీలతో జేబులో గిలగిల కొట్టుకుంటోంది. ఇచ్చేస్తుంటే చేతికి ఎంత తేలికైందో చెప్పలేను. బావ తన ఫోను ఇస్తూ, "మళ్ళీ ఇస్తారు కదా?" అని రెండుసార్లు అడిగారు.

ప్రతినిధుల సభ ఆకుపచ్చగా ఉంటుంది. యూకలిప్టస్ ఆకు రంగట. గ్యాలరీ మొదటి వరసలో కూర్చుంటే కింద అంతా కనబడుతుంది. మధ్యలో పొడుగు బల్ల. దానికి ఒక పక్క ప్రధాని, ఎదురుగా రెండో పక్క ప్రతిపక్ష నాయకుడు. వెనకాల వాళ్ళ వాళ్ళ మనుషులు. ప్రతి మంత్రికీ ఎదుటి వైపు అదే శాఖ చూసే ఛాయా మంత్రి ఉంటాడని మేఘన చెప్పింది. స్పీకరు పెద్ద కుర్చీలో.

మొదట గొడవేమీ జరగలేదు. పాత సభ్యుడెవరో చనిపోయారట. ప్రధాని లేచి ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. ఆ వెంటనే లేచింది ప్రతిపక్ష నాయకుడు. చనిపోయినాయన తనకి ఆజన్మ ప్రత్యర్థి పార్టీవాడంటూనే, ఆయన ఒకసారి తన కారు బురదలో దిగబడితే చొక్కా మడిచి తోశాడని చెప్పారు. రెండు వైపులా నవ్వారు. అందరూ లేచి కాసేపు మౌనంగా నిలబడ్డారు.

తర్వాత కూర్చుని కుమ్ముకోవడం మొదలెట్టారు.

ఏమి అరుపులవి! ప్రతిపక్ష నాయకుడు లేచి ఇళ్ళ అద్దెల గురించి ఒక ప్రశ్న అడిగితే, ప్రధాని జవాబు తప్ప అన్నీ చెప్పారు. ఆయన మాట్లాడుతుంటే అవతలివాళ్ళు ఓండ్రపెట్టారు. మధ్య మధ్యలో ప్రధాని పార్టీవాళ్ళే లేచి, మంత్రిగారూ మీరింత గొప్పపని ఎలా చేయగలిగారో కాస్త వివరిస్తారా అన్న తరహాలో అడిగారు. మంత్రిగారు సిగ్గుపడకుండా వివరించారు. స్పీకరు ఒక లావుపాటి సభ్యుణ్ణి పేరుపెట్టి పిలిచి గంటసేపు బయటికి పొమ్మన్నారు. ఆయన లేచి, స్పీకరుకి వంగి దండం పెట్టి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఎక్కడికెళ్ళాడు?" అన్నారు బావ గుసగుసగా.

"కాఫీకి," అంది మేఘన.

నాకు నవ్వు ఆగలేదు. పక్కకి చూస్తే బావ నవ్వడం లేదు. రెయిలింగు మీద చేతులు పెట్టి ముందుకి వంగి ఆ బల్ల వైపే చూస్తున్నారు.

"ఈయన రోజూ రావాలా? ప్రధాని?"

"సభ జరిగే రోజుల్లో ఆల్మోస్ట్ రోజూ, పెద్దనాన్నా."

"ఓడిపోయినాయన కూడా రోజూ ఎదురుగా కూర్చుంటాడు."

"అదే ఆయన జాబ్."

బావ తలాడించారు. కింద ఇంకెవరో అరుస్తుండగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నారు. "చలిలో ఆరు వారాలు తిరిగాను ఉషా. కుక్క కరవబోయింది కూడా. ఓడిపోయిన మర్నాడు మా క్యాండిడేటు ఒక స్పీచి ఇచ్చి వెళ్ళిపోయింది. నేను తలుపు కొట్టినప్పుడు నాకు మాటిచ్చినవాళ్ళంతా ఆ తర్వాత ఎవరి వైపు చూడాలి? నా వైపు చూశారు. నేనేమో ట్యాక్స్ లెక్కలు చూసుకుంటున్నాను."

నా చూపంతా ఆ బల్ల మీదే ఉంది. నాకు ఓటేసినవాళ్ళకి నేను చూపించబోయే దారి, ఆదివారం ఇంకో మేడమీద ఇంకో బల్ల వేసుకోవడం. అక్కడ నాకెదురుగా ఎవరూ ఉండరు. నేను చెప్పిందానికల్లా చప్పట్లు కొడతారు. ప్రసాద్ గారికీ ఎదురుగా ఎవరూ ఉండరు. పెరుగు డబ్బాల దగ్గర తప్ప ఆ ఇంటివాళ్ళూ మేమూ ఇంక కలుసుకోం.

బయటికొచ్చి ఫోను తీసుకోగానే, అక్కడే గోడకానుకుని గ్రూపులో రాసేశాను. 'ఆదివారం తొందరపడొద్దు. పాత సంఘంలోనే ఉందాం. ప్రతి మీటింగులో ఎదురుగా కూర్చుని ప్రశ్నలడుగుదాం.' రాసి మేఘనకి చూపించాను.

"అమ్మా, డోంట్ రొమాంటిసైజ్ ఇట్," అంది అది. "ఆ అపోజిషన్ లీడర్‌కి ఎదుటి బెంచీల కంటే వెనక బెంచీలే డేంజర్. పార్టీ రూంలో ఓటు పెట్టి ఎప్పుడైనా తీసేస్తారు. పొద్దున లీడర్, ఆర్వోకల్లా బ్యాక్‌బెంచర్."

ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం. నాకలాంటి ప్రమాదం లేదని చెప్పాను.

కింగ్‌స్టన్ దగ్గర ఒక మోటెల్‌లో దిగాం. స్టేషనుకి దగ్గర, గది శుభ్రం, హీటరు మాత్రం లారీ స్టార్టు చేసినట్టు మోగుతుంది. సాయంత్రం మేఘన ఒక చిన్న ఇండియన్ హోటలుకి తీసుకెళ్ళింది. దోసె బాగుంది, సాంబారు కేరళ వైపుకి వెళ్ళిపోయింది. బావ మేఘనతో అమెరికా, ఆస్ట్రేలియా అంటూ వాదించుకున్నారు. మీ దగ్గర నాయకుడు మెత్తబడితే ప్రతిపక్షం మొత్తం పడుకుంటుందని బావ, మీ దగ్గర పడుకుందో లేచిందో కూడా తెలియదని అది. నేను దోసె తిన్నాను. నా మెసేజీకి ఎవరూ జవాబివ్వలేదు. అందరూ ఆలోచిస్తున్నారనుకున్నాను.

పొద్దున టోస్టు తింటుంటే కిరణ్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఏమనుకోకు. నువ్వు మెసేజ్ పెట్టినంక మేమంతా వేరే గ్రూపుల మాట్లాడుకున్నం."

"వేరే గ్రూపెక్కడిది?"

"నిన్ననే చేసినం అక్కా. నువ్వు మస్తు లీడర్‌వే, కాదంటలేను. గని జర సాఫ్ట్ అయినవ్. ఓటింగ్ పెట్టినం. అందరు నన్నే చేయమన్నరు. నువ్వు అడ్వైజర్‌గ ఉండు అక్కా, స్టేజి మీద కుర్చీ ఏస్తం."

ఫోను బల్లమీద పెట్టాను. నా మొహం చూసి మేఘన, బావ తినడం ఆపేశారు. విషయం చెప్పాను. మేఘన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాపం చాలా కష్టపడింది గాని, ముక్కులోంచి వచ్చేసింది నవ్వు.

నాకు నవ్వు రాలేదు. చెప్పకేం, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కుర్రాడికి మా ఇంట్లో ఎన్నిసార్లు గోంగూర పెట్టానో. ఓడిపోయినప్పుడు లేని అవమానం ఇప్పుడనిపించింది. అప్పుడు కనీసం అవతలివాళ్ళు ఓడించారు.

మధ్యాహ్నం రైలుకి మేఘన వచ్చి, ప్లాట్‌ఫారం మీద గట్టిగా వాటేసుకుని, "ఐ వుడ్ ఓట్ ఫర్ యూ అమ్మా," అంది. దానికి మా సంఘంలో సభ్యత్వం లేదు.

రైలు కదిలాక బావ లేచారు. కౌంటరు దగ్గరికెళ్ళి రెండు టీలు తెచ్చి, ఒకటి నా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు నువ్వు అచ్చంగా మా అమెరికా ప్రతిపక్షానివయ్యావు," అన్నారు. "పదవి లేదు. వెనక మనుషుల్లేరు. ఓటు ఒక్కటి, నోరు ఒక్కటి."

"ఓదార్పా ఇది, బావా?"

"విను. మా సెనేట్లో ఒక్కడంటే ఒక్కడు, ఏ పదవీ లేనివాడు, లేచి నేను ఒప్పుకోనంటే ప్రెసిడెంటు వేసిన నియామకం వారాల తరబడి ఆగిపోగలదు. ఒకాయన ఒక పగలూ రాత్రీ కూర్చోకుండా మాట్లాడాడు. నువ్వు మా నాయకుడివని ఆయన్ని ఎవరూ నియమించలేదు. నిలబడ్డాడు, జనం చూశారు, ఆ రోజుకి ఆయనే నాయకుడు. మీ పద్ధతిలో కుర్చీ ఇస్తేనే ఎదురు కూర్చుంటారు. మా దగ్గర కుర్చీ కోసం ఆగితే పనవదు. నీకు ఆ సంఘంలో సభ్యత్వం ఉందా?"

"ఉంది."

"అయితే కిరణ్ దగ్గర అనుమతి తీసుకోడమెందుకు?"

నిన్నంతా ఆయన దేశాన్ని వెక్కిరించినదాన్ని, టీ తాగుతూ కిటికీలోంచి చూశాను. గొర్రెలు, కంచెలు, మళ్ళీ గొర్రెలు. గోల్‌బర్న్ దాటింది. ఫోను తీసి ప్రసాద్ గారి నంబరు నొక్కాను.

ఎత్తింది విజయ.

"ఆయన ఫోను ఇంట్లో మర్చిపోయి నడక్కెళ్ళారు," అంది. నా పేరు తెరమీద పడే ఉంటుంది. అయినా ఎత్తింది.



"కొత్త సంఘం పెడుతున్నావంటగా ఉషా," అంది.

"లేదే. నన్ను తీసేశారు."

"ఎవరు?"

"మావాళ్ళే."

అవతల చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. ఊపిరాడకుండా, దగ్గు వచ్చేలా, స్విమ్మింగు పూల్ మెట్ల మీద కూర్చుని నవ్వుకునే రోజుల్లోలాగా నవ్వుతోంది. ఎవరన్నా నా పతనం గురించి అంతలా నవ్వితే నాకు కోపం రావాలి. నేనూ మొదలెట్టాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. బావ ఆయనకి సైగ చేసి ఏదో నచ్చజెప్పారు.

నవ్వులయ్యాక, ఏ రైల్లో తిరిగొస్తున్నామో చెప్పి, అసలు సంగతి ఎత్తాను. సంఘం వదలను. ప్రతి మీటింగులో ప్రసాద్ గారికి ఎదురుగా కూర్చుంటాను. ప్రశ్నలడుగుతాను. అందుకు సమయం ఇవ్వాలి.

"అడగవే తల్లీ," అంది విజయ. "నేను ఇంట్లో అడిగితే ఒక్కదానికీ జవాబు చెప్పరు. నలుగురి ముందు అడిగితేనన్నా చెబుతారేమో. ఉండు, వచ్చారు, ఇస్తున్నా."

ప్రసాద్ గారు నడిచొచ్చిన ఆయాసంతో ఉన్నారు. అంతా విని, "ప్రశ్నలు ముందుగా రాసి పంపిస్తారాండీ?" అన్నారు.

"లేదండీ. అప్పటికప్పుడే."

"అలాగైతే నాకు ఇబ్బంది కదండీ."

"అందుకేనండీ."

ఆయన ఆలోచించారు. మంచి మనిషే, కాకపోతే తొందరలేని మనిషి. "ఆదివారం కిరణ్ వాళ్ళు ఎలాగూ వెళ్ళిపోతారు. మీరన్నా ఉంటే బాగానే ఉంటుంది లెండి. ఎవరూ ఏమీ అడక్కపోతే నేను చేసేది సరైందో కాదో నాకూ తెలియట్లేదు," అన్నారు. ఆ మాట ఆయన నోట వస్తుందని నేననుకోలేదు. ప్రతి మీటింగు చివర పావుగంట ఇస్తానన్నారు. చివర కాదు, మొదట్లోనే కావాలన్నాను. బండనూన్ దగ్గర సిగ్నల్ పోయింది. మాస్ వేల్లో మెసేజీ వచ్చింది. సరే, మొదట్లోనే.

ఈ యాత్ర చేయాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదీ. ప్రధానిని చూడ్డానికి వెళ్ళకండి, ఆయన రోజూ టీవీలో కనబడతారు. ఓడిపోయినవాళ్ళు ఏం చేస్తారో చూడ్డానికి వెళ్ళండి. ఒక దేశం వాళ్ళకి కుర్చీ వేస్తుంది, ఆ కుర్చీ కింద సొంతవాళ్ళే రంపం పెడతారు. ఇంకో దేశం కుర్చీ వేయదు, ఎవరికి వాళ్ళు నిలబడాలి, కాళ్ళు పీకుతాయి. రెంటిలో ఏది మంచిదో మా బావకీ మా అమ్మాయికీ ఇంకా తేలలేదు. వెళ్ళిపోవడం మాత్రం రెండు చోట్లా లెక్కలోకి రాదు. వెళ్ళేటప్పుడు స్వెట్టరు పట్టుకెళ్ళండి, ఊరగాయ కూడా.

సెంట్రల్‌లో మెట్రోకి మారి కెల్లీవిల్‌లో దిగేసరికి ఇంకా వెలుతురుంది. మావారు ఆఫీసులోనే ఉన్నారు. టాక్సీ చూద్దామంటుంటే, స్టేషను ముందు విజయ కారు హారన్ కొట్టింది. బావ వెనక కూర్చుని, సామాను పక్కన పెట్టుకుని, చాలా ఏళ్ళ పరిచయం ఉన్నవాడిలా ఆవిడ పిల్లల చదువుల గురించి అడగడం మొదలెట్టారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను.

"మొదటి ప్రశ్న ఏం అడుగుతావ్?" అంది విజయ, గేరు వేస్తూ.

"ఉగాది కార్యక్రమం అంత ఆలస్యంగా ఎందుకు మొదలైంది? హాల్లో పిల్లలందరూ ఆకలితో ఏడ్చారు."

విజయ అద్దంలో బావని చూసి, గొంతు తగ్గించింది.

"మా ఆయనకి పంచె కట్టుకోవడం రాదే. ఆ రోజు పాంటు మీదే పంచె చుట్టి, బెల్టు పెట్టి బిగించేసరికి అంతసేపైంది. నేను చెప్పానని మాత్రం అనకు."

ఒట్టు, అననన్నాను. బావ వెనక నుంచి ముందుకి వంగి, ఇలాంటి సమాచారం కోసం వాళ్ళ దేశంలో విలేఖర్లు ఏళ్ళ తరబడి కాచుకుంటారని చెప్పారు.